సంతాప సభకు వచ్చిన భవనాలు

ఆర్కిటెక్టు పేరి చిదంబరం గారి సంతాప సభకు ఆయన గీసిన భవనాలన్నీ పొద్దున్నే లేచి మైదానానికి బయలుదేరాయి. అన్నిటికంటే ముందు చేపల మార్కెట్టు చేరుకుంది. ముసలిది కాబట్టి చీకటితోనే నడక మొదలుపెట్టింది. దాని వెనక గ్రంథాలయం, బస్టాండు, ఆసుపత్రి వచ్చాయి. బస్టాండులో ఉన్న ప్రయాణికులు దిగలేదు, దిగితే కూర్చున్న బెంచీ పోతుందని. బస్సులే వాకబు చేసుకుంటూ మైదానానికి వచ్చాయి. పోలీసులు రోడ్డు మూసేసి, మంత్రిగారు వస్తున్నారని చెప్పారు. ఆ మాట వినగానే జనం ఎప్పటిలాగే సర్దుకున్నారు.

భవనాలను వరసల్లో నిలబెట్టే పని నగర ప్రణాళికాధికారి వాసంతికి అప్పగించారు. ఆమె చిదంబరం గారి శిష్యురాలు. చదువుకునే రోజుల్లో ఆయన ఆమెను నడి ఎండలో రోడ్డు మీద నిలబెట్టి, "నీడ ఎక్కడుందో చూడు. గీత అక్కణ్ణుంచి మొదలుపెట్టు" అనేవారు. నడిచేవాళ్ళకు చోటు వదలలేదని చెప్పి, కడుతున్న గోడను పగలగొట్టించిన మనిషి. దానికోసం అప్పటి కమిషనరుతో జన్మంతా మాటలు మానేశారు.

వాసంతి పొట్టివాటిని ముందు, పొడుగువాటిని వెనక నిలబెట్టింది. గ్రంథాలయం దగ్గర ఆగి, "ఎండ తగులుతోందా?" అని అడిగింది.

"ఫరవాలేదమ్మా. వాన రాకపోతే చాలు, లోపల పుస్తకాలున్నాయి" అంది గ్రంథాలయం, అలవాటు కొద్దీ గొంతు తగ్గించి.

చిదంబరం గారి సొంత ఇల్లు కూడా వచ్చింది. ఆయన భార్య కామాక్షమ్మ గారు వరండాలో కుర్చీలో కూర్చునే వచ్చారు. మోకాళ్ళ నొప్పుల మనిషికి అదే సుఖం. ఆ ఇంట్లో వాసంతి ఎన్నిసార్లు అన్నం తిన్నదో తనకే గుర్తులేదు.

సభ బాగా జరిగింది. మేయరు చిదంబరం గారిని నగరానికి ఊపిరి అన్నారు. మంత్రిగారు ఆలస్యంగా వచ్చి అంతకుముందటి ఉపన్యాసాలు వినలేదు కాబట్టి ఆయన కూడా ఊపిరే అన్నారు. విగ్రహం పెట్టిస్తామని మాటిచ్చారు. మౌనం పాటించమనగానే భవనాలు కిటికీలు మూసుకున్నాయి, మనుషులు ఫోన్లు తీసుకున్నారు. చేపల మార్కెట్టు ఒక్కటే ఏడ్చింది. దాని చూరు నుంచి నీళ్ళు కారుతుంటే నిర్వాహకులు కుర్చీలు కాస్త పక్కకు జరిపించారు.

ఈలోగా కార్పొరేషన్ కమిషనర్ శరభయ్య గారు కారులో ఊరు చుట్టి వచ్చారు. నడిబొడ్డున అన్ని ఖాళీ స్థలాలు ఆయన ఎన్నడూ చూడలేదు. భవనం లేని చోటును ఖాళీ స్థలం అంటారు. ఖాళీ స్థలాన్ని ఎవరికైనా కేటాయించవచ్చు. వందన సమర్పణ పూర్తయ్యేసరికి కేటాయింపులు కూడా పూర్తయ్యాయి. సంతకానికి వాసంతిని వేదిక వెనక్కు పిలిపించారు.

"సభ కోసం వచ్చాయి సార్. అయిపోగానే వాటి చోటుకి అవి వెళ్ళిపోతాయి" అంది వాసంతి.

"వచ్చేముందు పర్మిషన్ తీసుకున్నాయా?"

"చావుకి వచ్చాయి సార్."

"నేనూ చావుకే వచ్చానమ్మా. హాఫ్ డే లీవు పెట్టి వచ్చాను."

వాసంతి కాగితం వంక చూసింది. "గ్రంథాలయం చోట ఏమొస్తుంది సార్?"

"చిదంబరం స్మారక వాణిజ్య సముదాయం. మీ గురువుగారి పేరు సముద్రంలోంచి కూడా కనబడుతుంది."

సంతకం పెట్టకపోతే తనను బదిలీ చేస్తారు, తర్వాత వచ్చేవాడు పెడతాడు. వాసంతి ఆ సంగతి చాలాసేపు ఆలోచించింది. అది నిజమే. నిజం కావడం వల్ల ఆమెకు బాగా పనికొచ్చింది. సంతకం పెట్టి, కామాక్షమ్మ గారి దగ్గరకు వెళ్ళింది.

"అమ్మా, మీ ఇంటి స్థలం కూడా ఇచ్చేశారు."

"ఎవరికే?"

"పార్కింగుకి. సార్ విగ్రహం చూడ్డానికి వచ్చేవాళ్ళ కార్లకి."

"కారు కొనుక్కోండి అంటే ఆయన నడవడం మర్చిపోతానే అనేవారు" అన్నారు కామాక్షమ్మ గారు. లేచి వెళ్ళి కాఫీ కలిపి తెచ్చారు. "సంతకం ఎవరు పెట్టారు?"

"నేనే అమ్మా."

ఆవిడ గ్లాసు వెనక్కు తీసుకోలేదు. "వేడిగా ఉంది. ఒలకబోసుకోకుండా తాగు" అన్నారు.

మర్నాడు మైదానంలో వేరొకరి పెళ్ళి రిసెప్షన్ ఉండడంతో భవనాలను ఖాళీ చేయించారు. అప్పటినుంచి అవి తిరుగుతూనే ఉన్నాయి. జనం మొదట్లో విసుక్కున్నా తర్వాత అలవాటు పడ్డారు. ఆసుపత్రి ఎదురైన రోగులు వైద్యం చేయించుకుంటున్నారు, ఎదురుకానివాళ్ళు ఓర్చుకుంటున్నారు. గ్రంథాలయం ఏ వీధిలో ఉందో తెలియక పాఠకులు తగ్గిపోయారు, పాఠకులు లేరని దాన్ని రద్దు చేశారు. అయినా అది తిరగడం మానలేదు. కామాక్షమ్మ గారి ఇల్లు ఊరు దాటి ఉప్పు మడుల దగ్గర నిలబడిందని విన్నారు. ఆదివారం వెళ్దామని వాసంతి ప్రతి శనివారం అనుకుంటుంది.

ఇలాంటి ఇబ్బంది మళ్ళీ రాకూడదని కార్పొరేషన్ ఒక నిబంధన తెచ్చింది. కొత్త భవనం ఏదైనా సరే, ఎవరు పోయినా కదలనని అధికారి ఎదుట మాటివ్వాలి. స్మారక సముదాయం తయారయ్యాక తనిఖీకి వాసంతే వెళ్ళింది. అద్దాల మీద ఎండ పడి కళ్ళు జిగేలుమంటుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని తలెత్తింది.

"నీ నుదుటి మీద పేరుంది చూడు, అది ఎవరిదో తెలుసా?"

"నాదే కదండీ" అంది భవనం.

"నిన్ను గీసినవాళ్ళు పోతే, వెళ్తావా?"

"నన్ను ఎవరైనా గీశారా?"

వాసంతి అనుమతి ఇచ్చేసింది. బయట బాగా ఉక్కగా ఉంది.

"లోపల ఏసీ ఉందండీ, రండి" అంది భవనం, ఎంతో మర్యాదగా.

ఆమె చెప్పులకంటిన దుమ్ము గుమ్మం దగ్గర తుడుచుకుని లోపలికి వెళ్ళింది.