విజయద్వారానికి పడిన తూకం

మా రాళ్లకుంటపల్లెలో నాగరికత పోయిన వేసవిలో, ఒక మంగళవారం పూట మొదలైంది. అంతకుముందు మేము ఊరికే బతికేవాళ్లం. ఎర్రగుంట్ల రోడ్డు మీద లారీలు తోలుకోవడం, సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము తుడుచుకోవడం, ఎన్నికలొస్తే రెండు వర్గాలుగా చీలిపోవడం తప్ప మాకు చెప్పుకోదగ్గ చరిత్ర లేదు.

ఆ మంగళవారం మా సర్పంచి వెంకటేశ్వర్లు తన ఫోనులోకి రాజ్యాలు కట్టే ఆట ఒకటి దించుకున్నాడు. ఎడ్లబండి కాలంలో మొదలుపెట్టి రాకెట్ కాలం దాకా రాజ్యాన్ని నడపాలి. మధ్యలో ప్రత్యేక భవనాలు కట్టాలి. ధాన్యాగారం కడితే విడతకు రెండు తిండి పాయింట్లు, గ్రంథాలయం కడితే మూడు విజ్ఞానం పాయింట్లు, విజయద్వారం కడితే ఐదు కీర్తి పాయింట్లు. సర్పంచి ఆడుతున్నాడని ఆయన వర్గం ఆడింది. ఆయన వర్గం ఆడుతోందని ఎదుటి వర్గం నాయకుడు ఓబుళేశు ఆడాడు. నెల తిరక్కుండానే ఊళ్లో మగవాళ్లంతా చక్రవర్తులయ్యారు. కూలికి పోయే చక్రవర్తులు అన్నం తినే వేళ రాజ్యమేలేవారు. పనిలేని చక్రవర్తులు పొద్దస్తమానం ఏలేవారు. నాలుగు రోజులకోసారి కొళాయి వచ్చే ఊళ్లో కూర్చుని ఓబుళేశు ఒక్కడే ఏడు నదులకు ఆనకట్టలు కట్టాడు. దీన్ని అభివృద్ధి అనకపోతే ఇంకేమనాలో చదువుకున్నవాళ్లే చెప్పాలి.

సరిగ్గా అప్పుడే ఫ్యాక్టరీ వాళ్ల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఇన్నేళ్లుగా పూర్తి సహకారంతో దుమ్ము పీలుస్తున్నందుకు మా ఊరికి ఒక భవనం కట్టిస్తారట. ఒక్కటే. ఏది కావాలో గ్రామసభ పెట్టి నెలాఖరులోగా తీర్మానం పంపాలి. పంపకపోతే అది పక్కూరికి పోతుంది.

ఆ ఉత్తరం కోసం నిజంగా ఎదురుచూసిన మనిషి అంగన్‌వాడీ టీచరు సిద్దమ్మ ఒక్కతే. ఆమె దగ్గర ఇరవై రెండు మంది పిల్లలున్నారు, భవనం లేదు. రేషన్ షాపు ముందు రేకుల కింద కూర్చునేవారు. బియ్యం వచ్చిన రోజు పాలకేంద్రం అరుగు మీదికి లేచేవారు, క్యాన్లు దిగే వేళకు మళ్లీ రేకుల కిందికి వచ్చేవారు. ఎండకు ఇద్దరు పిల్లలు కళ్లు తిరిగి పడిపోయాక తల్లులు పంపడం తగ్గించారు. పిల్లలు పదిహేను మంది కంటే తగ్గితే కేంద్రాన్ని పక్కూళ్లో కలిపేస్తామని పైనుంచి మాట వచ్చింది. పక్కూరికి పోవాలంటే లారీల రోడ్డు దాటాలి. దాటవలసినవాళ్లకు నాలుగేళ్లు.

గ్రామసభ రోజు భవనాల విలువ తేల్చే నిపుణుడిగా రామాంజిని నియమించారు. రామాంజి ఇరవయ్యేళ్లుగా లారీల కాటా దగ్గర గుమాస్తా. నిండు బండి తూకంలోంచి ఖాళీ బండి తూకం తీసేస్తే మిగిలేదే సరుకు. ఈ పద్ధతికి లొంగని వస్తువు భూమ్మీద లేదని ఆయన నమ్మకం. పెళ్లి సంబంధాలు కూడా ఇలాగే తేలుస్తాడు.

“ధాన్యాగారం రెండు తిండి ఇస్తాది. కావలోడు అర పాయింటు తింటాడు, ఎలకలు అర పాయింటు తింటాయి. మిగిలేది ఒకటే. గ్రంథాలయం మూడు ఇస్తాది. అయితే చదవల్ల. చదివినోడు ఊర్లో ఉండడు. సరుకు సున్నా. ఇంగ విజయద్వారం. దానికి తిండి పెట్టే పన్ల్యా, లోపల మనిషి ఉండే పన్ల్యా, తలుపు గూడా ల్యా. ఖాళీ బండి బరువే ల్యాదప్పా, అంతా సరుకే!”

ఈ ప్రసంగానికి రెండు వర్గాలూ ఒకేసారి చప్పట్లు కొట్టాయి. మా ఊళ్లో ఇలా జరగడం అదే మొదలు. సర్పంచి కళ్లు తుడుచుకుని లేచాడు. “సోదరులారా! కూడు నేడుంటాది, రేపు అరిగిపోతాది. ద్వారమైతే ఊరు ల్యాకపోయినా ఉంటాది!” అన్నాడు. ఇంత దూరదృష్టి గల నాయకుడు దొరకడం మా అదృష్టం.

అప్పుడు సిద్దమ్మ లేచి నిలబడింది. “రామాంజన్నా, ఆ ఆటలో అంగన్‌వాడీ ల్యాదా?”

రామాంజి ఫోనును శ్రద్ధగా పైకీ కిందికీ తోసి చూశాడు. “ల్యాదక్కా. ఎడ్లబండి కాడ్నుంచి రాకెట్ దాకా యాడా ల్యా.”

“మరి ఆ రాకెట్ తోలేటోడు చిన్నప్పుడు యాడ కూర్చున్యాడప్పా?”

ఆడవాళ్లు నవ్వారు. “ఏయ్, నగొద్దండి, సభ జరుగుతాండాది!” అని సర్పంచి గద్దించాడు.

రామాంజి మాత్రం న్యాయం తప్పే మనిషి కాదు. అంగన్‌వాడీని కూడా తూచి చూద్దామన్నాడు. సిద్దమ్మ పిల్లల బరువుల రిజిస్టరు తెచ్చి ఇచ్చింది. ఆయన వేలు పెట్టి ఒక్కొక్కటీ కూడాడు. “ఇరవై రెండు మందీ కలిపి రెండు వందల డెబ్బై కిలోలు. అక్కా, తప్పుగా అనుకోవద్దు, మా కాటాలో ఇంత చిన్న తూకం కనపడనే కనపడదు. పైగా ఈ సరుకు చేతికందేదానికి పదహైదేండ్లు పడ్తాది.”

“తూకం తక్కువుండారనే గదప్పా, కూర్చోబెట్టి అన్నం పెట్టేకి చోటడగతాండేది!”

సభ ఆమె సేవలను వేనోళ్ల కొనియాడింది. తీర్మానంలో ఆమె ఓర్పుకు రెండు వాక్యాలు కేటాయించి, మూడో వాక్యంలో విజయద్వారాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. కాగితం చూసిన ఫ్యాక్టరీ మేడం స్వర్ణలత అనుమానపడి, మీకు అంగన్‌వాడీ భవనం లేదు కదా అని ఫోను చేసింది. “దానికి టీచరన్నా ఉండాది మేడం, ద్వారం కాడికొస్తే మాకేముండాది?” అన్నాడు సర్పంచి. ఆమె కాగితం మీద సంతకం పెట్టేసింది.

ఊళ్లోకి తిరిగే దారి మీద మూడు నెలల్లో ద్వారం లేచింది. నలభై అడుగుల ఎత్తు, గదంత లావున రెండు స్తంభాలు, పైన మందపాటి కప్పు, కింద నున్నటి నాపరాళ్లు. తూర్పు వైపు సర్పంచి బొమ్మ, పడమర వైపు ఓబుళేశు బొమ్మ, నాలుగు మూలలా సింహాలు. అన్నీ కుదిరాక చిన్న సందేహం వచ్చింది. ముందు ఎవరు దాటాలి?

మా వైపు ఇది చిన్న విషయం కాదు. ఎదుటివాడు దాటాక దాటినవాడు జీవితాంతం రెండోవాడే. కాబట్టి ప్రారంభం వాయిదా పడింది. ఇది తేలేదాకా ఏ వర్గంవాడూ ద్వారం కింద కాలు పెట్టరాదని పెద్దమనుషులు ఒప్పందం రాసి, రెండు వైపులా సున్నంతో గీత గీశారు. ఊరి బళ్లన్నీ పక్కనున్న గుంతలో దిగి, ద్వారానికి ప్రదక్షిణం చేసి పోసాగాయి.

ఊరు మొత్తం మీద అంత చల్లటి నీడ, అంత శుభ్రమైన నేల, మనిషి అడుగు పడని చోటు మరొకటి లేదు. సిద్దమ్మ ఒక సోమవారం చాప తెచ్చి పరిచింది. ఆమె ఏ వర్గమో ఒప్పందంలో రాయడం అందరూ మరిచిపోయారు.

విషయం తెలిసి నాయకులిద్దరూ పరుగున వచ్చి, చెరో వైపు గీత దగ్గరే ఆగిపోయారు.

“సిద్దమ్మక్కా! పిల్లోళ్లను ఎత్తుకోని ఆపక్కకు పో!” అని సర్పంచి అరిచాడు.

“మాపక్కకేల వస్తారు? నీపక్కకే పిల్చుకో!” అని ఓబుళేశు అరిచాడు.

“ఆడ్నుంచి అరిస్తే ఇనపడ్ల్యాదప్పా. లోపలికొచ్చి చెప్పండి, ఎవరైనా ఒకరు” అంది సిద్దమ్మ, గుడ్లు ఒలుస్తూ.

ఎవరూ రాలేదు. ఎలా వస్తారు? ముందు వచ్చినవాడు గెలిచినట్టే గనక, రెండోవాడు ఊరుకోడు.

ఇప్పుడు పిల్లలు ఇరవై ఏడు మంది. కేంద్రాన్ని కలిపేయడం లేదని కాగితం కూడా వచ్చింది. రామాంజి మళ్లీ తూకం వేసి, కీర్తి ఐదుతో పాటు పిల్లలు ఇరవై ఏడు గనక, భవనాలన్నిట్లో విజయద్వారమే విలువైనదని సాక్ష్యంతో సహా తేల్చాడు. చుట్టుపక్కల పదకొండు ఊళ్లవాళ్లు వచ్చి చూసి, మెచ్చుకుని, తమకూ ద్వారాలే కావాలని తీర్మానాలు పంపారు.

మీరు ఎర్రగుంట్ల నుంచి వేంపల్లెకు పోయేటప్పుడు ఎడమ చేతి పక్కన కనిపిస్తుంది. సింహాలు బాగా వచ్చాయి. బండి ఆపి ఫొటో తీసుకోండి, అందరూ తీసుకుంటారు. పిల్లలు అడ్డమొస్తే కాస్త జరగమనండి, జరుగుతారు. ఇప్పటిదాకా బండి దిగిన పెద్దమనుషులంతా అదే అడిగారు. వానొస్తే ఈ పిల్లలు యాడికి పోతారని మాత్రం ఒక్కరూ అడగలేదు.