సావికీ గారి కౌగిలింత

ఆ బుధవారం పొద్దున ఎమెట్ పుల్లియం పెట్టుకున్న పనులు నాలుగే. రెండు గుడ్లు తినాలి, తొమ్మిదికల్లా స్టేడియం చేరాలి, ఆటలో దింపితే బంతులు విసరాలి, సాయంత్రం లోరెట్టా గారి పెరట్లో గడ్డి కొయ్యాలి. ఈ నాలుగింటిలో లేని అయిదోది ఒకటుంది. నిద్ర లేచింది మొదలు అతను ఆలోచించేదల్లా దాని గురించే.

ఎమెట్ ‘డార్బీ క్రీక్ తాబేళ్లు’ అనే బేస్‌బాల్ జట్టులో పిచర్, అంటే బంతులు విసిరేవాడు. ఆట సగానికి వచ్చి, మొదట విసిరినవాడి చెయ్యి అలిసిపోయాక దిగి విసిరేవాడు. పెద్ద జట్టుకి ఆటగాళ్లని తయారుచేసే చిన్న జట్లలో తాబేళ్లు రెండు మెట్లు కింద. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఇక్కణ్ణుంచి మనుషులు పైకెళ్లే వేగం ముందే కనిపెట్టాడు. ఎమెట్ మాత్రం మూడేళ్లలో మూడు మెట్లు ఎక్కి వచ్చాడు. పత్రికలవాళ్లు అతన్ని ‘ఆశాజనకమైన కుర్రాడు’ అని రాశారు. ఆ మాట చదవడానికి బాగానే ఉంటుంది, దాన్ని పట్టుకుని రోజులు గడపడమే కష్టం. మంచం కింద సంచీలో ఒక నీలం చొక్కా ఉంది. పిలుపు వచ్చిన రోజున తొడుక్కుని పెద్ద జట్టు గుమ్మం ఎక్కాలని కొన్నాడు. కొని పద్నాలుగు నెలలైంది, కాలరుకి గుచ్చిన గుండుసూదులు ఇంకా తియ్యలేదు.

లోరెట్టా డూలీ ముప్ఫై రెండేళ్లు బడి బస్సు నడిపి రిటైరైన మనిషి. ఏటా ఒక తాబేలుకి తన ఇంట్లో గది ఇచ్చి, కడుపు నిండా పెట్టి సాకుతుంది. ఆ పొద్దున ఆవిడ గుడ్లు వడ్డిస్తుండగా రేడియోలో వార్త వచ్చింది. పెద్ద జట్టులో ఒక పిచర్‌కి మోచెయ్యి పట్టేసిందట, నెల రోజులు ఆడడట.

“పాపం, ఎవరి బిడ్డో,” అంది లోరెట్టా.

“పాపం,” అన్నాడు ఎమెట్. మనస్ఫూర్తిగానే అన్నాడు. కానీ ఆ వెనకాలే గుండె గబగబా కొట్టుకుంది. ఒకడి చెయ్యి చెడితే తనకి చోటు దొరుకుతుందని సంబరపడినందుకు సిగ్గేసింది. రెండో గుడ్డు సగంలో వదిలేశాడు.

“తిను నాయనా. చెడింది వాడి మోచెయ్యి, నీ కడుపు కాదు,” అంది ఆవిడ.

ఆ రోజు ఆట పదకొండు గంటలకే. బుధవారం ఆటకి చుట్టుపక్కల బడుల పిల్లల్ని తోలుకొస్తారు. నాలుగు వేల మంది పిల్లలు ఎందుకు అరుస్తున్నారో తెలియకుండానే అరుస్తారు. ఏడో ఇన్నింగ్స్‌లో ఎమెట్ దిగాడు. ముగ్గురు వచ్చారు, ముగ్గురి బ్యాటుకీ బంతి తగల్లేదు, ముగ్గురూ ఔట్. తల వంచుకుని, జట్టువాళ్లు కూర్చునే డగౌట్ మెట్లు దిగుతున్నాడు. అక్కడే జరిగింది.

కింది లీగుల్లో అందరికీ తెలిసిన గుర్తు ఒకటుంది. ఆట మధ్యలో జట్టుని ఆడించే మేనేజరు ఒక ఆటగాణ్ణి కౌగిలించుకున్నాడంటే వాడికి పైనుంచి పిలుపు వచ్చినట్టే. ఎవరూ నోరు విప్పి చెప్పక్కర్లేదు. బఠాణీలు అమ్మే ఆవిడకి కూడా ఆ సంగతి తెలుసు. అయితే తాబేళ్ల మేనేజరు బర్ట్ సావికీ ముప్ఫై ఏళ్లలో ఒక్కణ్ణీ కౌగిలించుకున్న పాపాన పోలేదు. పిలుపు వచ్చినవాడిని చూసి గడ్డం ఎగరేసి “సామాన్లు సర్దుకో” అనేవాడు. అలాంటి సావికీ, అరవై ఒక్కేళ్లవాడు, నాలుగు వేల మంది చూస్తుండగా రెండు చేతులూ చాచి ఎమెట్‌ని వాటేసుకున్నాడు.

“కదలకు,” అన్నాడు సావికీ అతని చెవిలో, పళ్లు బిగబట్టి. “నడుం పట్టేసింది. వదిలితే కింద పడతా.”

“డాక్టర్ని పిలవనా బాస్?”

“పిలిచావంటే చంపేస్తా. ఇంకోసారి నడుం పట్టిందని ఆఫీసువాళ్లకి తెలిస్తే నన్నింటికి పంపేస్తారు. నా కుర్చీకి కుర్రాణ్ణి కూడా చూసి పెట్టుకున్నారు. ఒట్టెయ్, ఎవరికీ చెప్పనని.”

“ఒట్టు.”

“వీపు మీద తట్టు. చూసేవాళ్లు చూస్తున్నారు.”

ఎమెట్ తట్టాడు. సావికీకి ప్రాణం పోయినంత పనై కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు స్టేడియం అంతా చూసింది. ఎమెట్ అతన్ని అలాగే పట్టుకుని మెల్లగా బెంచీకి చేర్చాడు.

తర్వాత జరిగినవి ఎమెట్ చేతుల్లో లేవు. డగౌట్‌లో ఉన్నవాళ్లు వరసకట్టి కౌగిలించుకున్నారు. “అదేం కాదురా, నిజంగా,” అంటే, “అలాగే అనాలి. పైవాళ్లు చెప్పేదాకా నోరు విప్పకూడదు. శభాష్,” అని ఇంకా గట్టిగా పిసికారు. నిజం చెబితే సావికీ ఉద్యోగం పోతుంది. అబద్ధం చెప్పడం అతనికి రాదు. అందుకని నోరు మూసుకుని నిలబడ్డాడు. పిలుపు వచ్చినవాళ్లు కూడా అలాగే నోరు మూసుకుని నిలబడతారు. మైకులో మాట్లాడే ఆయన ఆగలేక, “మన ఎమెట్‌కి వీడ్కోలు చెబుదామా పిల్లలూ?” అన్నాడు. నాలుగు వేల గొంతులు ఒక్కసారి అతని పేరు పలికాయి. తన పేరు అలా వినాలని ఎమెట్ ఎన్నాళ్లుగానో కలలు కంటున్నాడు. అది అబద్ధమని తెలిసీ ఒళ్లు పులకరించింది. అందుకు తనని తానే తిట్టుకున్నాడు.

మైదానం ఆ చివర, బుల్‌పెన్ కంచె వెనకాల, దిగే వంతు కోసం కూర్చున్న పిచర్లలో ఉర్దనెటా ఉన్నాడు. పరాయి దేశంలోని మరకైబో ఊరి నుంచి వచ్చినవాడు, ఎడమచేతి వాటం, ముప్ఫై ఒక్కేళ్లు. అందులో పదకొండేళ్లు కింది లీగుల్లోనే గడిచాయి. ఆశాజనకం అని అతని గురించి రాసిన పత్రిక మూతబడి కూడా ఆరేళ్లయింది. కౌగిలింత చూసి లేచి నిలబడి శిలువ గుర్తు వేసుకున్నాడు. ఆట అయ్యాక వచ్చి ఎమెట్ తల రెండు చేతులతో పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టాడు.

“తమ్ముడూ, నాకు ముందే తెలుసు. పొద్దున ఆ మోచెయ్యి వార్త విన్నప్పుడే అనుకున్నా.”

“అన్నా, నేను చెప్పేది కాస్త...”

“చెప్పకు. నేను అడగను. అక్కడ అన్నం బాగా పెడతారట. తిను.”

ఎమెట్ ఇల్లు చేరేసరికి వీధిలోకి కొబ్బరి కేకు వాసన వస్తోంది. లోరెట్టా స్టేడియంలో తన సీట్లోంచే అంతా చూసి, ఆట ముగియకముందే ఇంటికి వచ్చేసింది. కేకు మీద అతని పేరు రాసింది. నీలం చొక్కా కుర్చీ వీపుకి వేలాడుతోంది. గుండుసూదులు తీసి ఇస్త్రీ చేసి పెట్టింది. పద్నాలుగు నెలలుగా తను ముట్టుకోని ఆ సూదులు పళ్లెంలో వరసగా ఉన్నాయి. 

“మిస్ లోరెట్టా, మీరనుకున్నది కాదు.”

“నోరు విప్పకూడదని తెలుసులే నాయనా. నేనేమైనా అడిగానా? మీ అక్క నోరీన్‌కి మాత్రం ఫోన్ చేశాను. రేపు మధ్యాహ్నం పెద్ద జట్టు ఆటకి ఇంటిల్లిపాదీ కాన్సస్ నుంచి బయలుదేరిపోయారు. తొమ్మిది గంటల ప్రయాణం కదా.”

“బయలుదేరిపోయారా!”

“దుప్పటి మీద నీ పేరు కూడా రాసుకున్నారట.”

గదిలోంచి బుస్సుబుస్సుమని చప్పుడు వచ్చింది. ఎమెట్ తలుపు తోశాడు. ఉర్దనెటా నేల మీద మోకాళ్ల మీద కూర్చుని పరుపులోకి పంపుతో గాలి కొడుతున్నాడు. టైర్ల కొట్టు పక్కన ముగ్గురితో కలిసి ఒకే గదిలో పడుకునే మనిషి. లోరెట్టా ఇంట్లో ఎప్పుడు ఖాళీ అయితే అప్పుడు తనకే అని రెండేళ్లుగా చెప్పి ఉంచాడు.

“తప్పుగా అనుకోకు. నువ్వెళ్లేదాకా నేల మీదే పడుకుంటా,” అన్నాడు ఉర్దనెటా. “ఈ కిటికీ చూశావా? నా గదికి కిటికీ లేదు తమ్ముడూ. పొద్దున్నే ఎండ మొహం మీద పడాలని రెండేళ్లుగా ఆశ.”

ఎమెట్ ఇక ఆగలేదు. వేసిన ఒట్టు వెనక్కి ఇచ్చేద్దామని స్టేడియానికి పరుగెత్తాడు.

సావికీ తన ఆఫీసు గదిలో నేల మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు కుర్చీ మీద పెట్టుకుని ఉన్నాడు. బల్ల మీద ఫోను మోగుతోంది.

“గంట నుంచీ మోగి చస్తోంది,” అన్నాడు కప్పు కేసి చూస్తూ. “లేవలేను. తియ్. స్పీకర్ పెట్టు.”

“హలో,” అన్నాడు ఎమెట్.

“సావికీ ఉన్నాడా?” పెద్ద జట్టు ఆఫీసు.

“కింద ఉన్నారండీ.”

“కింద అంటే?”

“కిందే.”

“నేనే మాట్లాడుతున్నా,” అని అరిచాడు సావికీ నేల మీంచి.

“బర్ట్, ఆ పుల్లియంని పైకి పంపేశామని ఊరంతా ఒకటే గోల. నువ్వు వాణ్ణి కౌగిలించుకున్నావట?”

“నేనా? నేనెవర్నైనా కౌగిలించుకోగా ఎప్పుడైనా చూశారా?”

అవతల కాసేపు ఆలోచించారు. “అదీ నిజమే. సరే, రేపు మధ్యాహ్నానికి మాకు ఎడమచేతివాడు కావాలి. ఉర్దనెటాని పంపు.”

ఎమెట్ ఫోను వంక చూస్తూ నిలబడ్డాడు. సావికీ ఒకసారి అతని మొహం చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

“మరి పుల్లియం సంగతేంటి?”

“బాగా విసురుతున్నాడు. ఇంకొంచెం ఆగనీ.”

ఫోను పెట్టేశారు.  ఎమెట్‌కి ఏడుపొచ్చింది. రాలేదని చెబితే అబద్ధమే. ఇంకొంచెం అంటే ఎన్ని రోజులో అడిగేవాళ్లు లేరు, చెప్పేవాళ్లూ లేరు.

“నీ మాట నిలబెట్టుకున్నావు,” అన్నాడు సావికీ. “ఇంకో పని కూడా చెయ్. వెళ్లి వాడికి నువ్వే చెప్పు. నేను లేవగలిగితే నేనే వెళ్దును. పదకొండేళ్లు ఆగినవాడికి గడ్డం ఎగరేసి చెప్పకూడదు.”

ఎమెట్ వెళ్లేసరికి ఉర్దనెటా నిండిన గాలి పరుపు మీద కూర్చుని కిటికీ కేసి చూస్తున్నాడు. ఎమెట్ వంగి అతన్ని గట్టిగా వాటేసుకున్నాడు. ఉర్దనెటా అతని వీపు నిమిరాడు.

“ఊరుకో, ఊరుకో. మూడు గంటల దూరమేగా. నువ్వక్కడికి వెళ్లాక మమ్మల్ని మర్చిపోతావులే.”

“నేను కాదన్నా. నువ్వు.”

“నేను మర్చిపోనురా.”

“అది కాదు. పిలిచింది నిన్ను. రేపు మధ్యాహ్నం ఆటకి. నేనే ఫోన్లో విన్నాను.”

ఉర్దనెటా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి ఎమెట్ మొహం చూశాడు. అబద్ధం చెప్పడం రాని మొహం అది. పెద్ద మనిషి రెండు చేతులతో మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టాడు. ఏడుస్తున్నంతసేపూ మూత సరిగ్గా బిగించని పరుపులోంచి గాలి పోతూనే ఉంది. ఏడుపు అయ్యేసరికి అతను నేల మీద ఉన్నాడు.

“నాకు కాలరున్న చొక్కా కూడా లేదు,” అన్నాడు అక్కణ్ణుంచే.

ఎమెట్ ఒక్క క్షణం తటపటాయించాడు. ఒకటి కాదు, రెండు క్షణాలు. తర్వాత వెళ్లి కుర్చీ మీది నీలం చొక్కా తెచ్చాడు. ఉర్దనెటా పొట్ట దగ్గర ఒక బొత్తాం పట్టలేదు. లోరెట్టా అక్కడ గుండుసూది పెట్టింది. కేకు మీద పేరు చెరిపి ఉర్దనెటా అని రాద్దామని చూసింది గానీ సగానికే చోటు అయిపోయింది.

కారు ఎక్కుతూ ఉర్దనెటా వెనక్కి తిరిగాడు. “చొక్కా తిరిగి ఇస్తా తమ్ముడూ.”

“పంపొద్దు. అక్కడే ఉంచు,” అన్నాడు ఎమెట్. “వచ్చి తీసుకుంటా.”

నోరీన్‌కి ఫోన్ చేస్తే అప్పటికి సగం దారిలో ఉంది. అయిదు నిమిషాలు తిట్టింది. తిట్టాక, “టికెట్లు తీసుకున్నాం, దుప్పటి మీద రంగు ఆరిపోయింది. ఇప్పుడు వెనక్కి తిరగమంటావా? మీ ఉర్దనెటా అన్ననే చూసి చప్పట్లు కొడతాంలే,” అంది.

గురువారం మధ్యాహ్నం ఎమెట్, లోరెట్టా వంటింట్లో కూర్చుని మిగిలిన కేకు తింటూ రేడియో విన్నారు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఉర్దనెటాని దింపారు. ముగ్గురు వచ్చారు, ముగ్గురూ వెళ్లారు. ఎమెట్ బల్ల మీద గుద్ది అరిచాడు. సంతోషం నిజంగా సంతోషమే. దాని అడుగునే ఆ మైదానం మీద, బంతి విసిరే ఆ మట్టి దిబ్బ మీద, ఆ నీలం చొక్కా మీద బెంగ కూడా ఉంది. 

రేడియో ఆయన నవ్వుతున్నాడు. “మూడో బేస్ వెనకాల గ్యాలరీలో ఒక కుటుంబం దుప్పటి ఒకటి ఊపుతూ గంతులేస్తోందండీ. ‘పుల్లియం మావాడే’ అని రాసుంది. ఎవరండీ ఈ పుల్లియం? జాబితా అంతా వెతికాను. ఆ పేరుగలవాడు ఈ జట్టులో ఎవరూ లేరు.”

లోరెట్టా చెయ్యి చాచి రేడియో శబ్దం తగ్గించింది.

“‘ఇంకా లేరు’ అనాలి,” అంది విసుగ్గా. “మైకు ఇచ్చారు గానీ మాట్లాడటం నేర్పలేదు వీడికి.”

పెద్ద లీగు రేడియోలో ఎమెట్ పేరు వినిపించడం అదే మొదటిసారి.