తెర మీది మొహం

సమస్త ప్రజానీకానికీ తెలియజేయునదేమనగా, మా పెద్దాసుపత్రి కంప్యూటర్లన్నీ అప్‌గ్రేడ్ పొంది అత్యున్నత స్థితికి చేరుకున్నవి! చేరుకున్న మర్నాడు చూస్తే వాటి మీద ఫోల్డరు లేదు, బాణం లేదు. నల్లటి తెర, ఓ మూల మినుకుమినుకుమనే గీత, అంతే.

మా అమ్మ గుండె స్కాన్ రిపోర్టు ఆ నలుపు వెనకే ఉంది. అది చూస్తేగాని కత్తి పట్టనని సర్జను గారు ఖండితంగా చెప్పేశారు. సాయంత్రం బండికి ఆయన ఊరెళ్తున్నారు, మళ్లీ వచ్చే నెలకిగాని రారు. కౌంటరు గుమస్తా మాత్రం తీరిగ్గా గోళ్లు కత్తిరించుకుంటున్నాడు.

"రిపోర్టు ఎప్పుడిస్తావు బాబూ?"

"డెస్క్‌టాప్ రావాలి కదండీ!"

"ఎక్కడికెళ్లింది?"

"అప్‌గ్రేడ్‌లో పోయిందండీ. పైవాళ్లకి రాశాం."

ఇంతలో సూపరింటెండెంటు గారు సపరివారంగా దిగివచ్చారు. తెర వంక గంభీరంగా చూసి, "రోగి ప్రాణం కన్నా మనకేదీ ఎక్కువ కాదు! మెకానిక్కుని పిలిపించండి!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, పని కావాలి కదా!

మెకానిక్కు వచ్చి టకటకా ఏవో కొట్టి, "యంత్రం బాగానే ఉందండీ. రిపోర్టులూ భద్రం. బొమ్మలు చూపించే ప్రోగ్రామే ఎగిరిపోయింది. పాత కాపీలోంచి తెచ్చి పెడతా" అన్నాడు. టీ తాగినంతసేపట్లో తెర వెలిగింది. ఫోల్డర్లొచ్చాయి, బాణమొచ్చింది. వాటి వెనకాల తెరంతా నిండిపోయి, మెడలో స్టెతస్కోపుతో నవ్వుతూ పాత సూపరింటెండెంటు గారొచ్చారు!

ఈ సూపరింటెండెంటు గారు కుర్చీ ఎక్కగానే చేసిన మొట్టమొదటి సంస్కరణ, ప్రతి కంప్యూటరు మీదా ఆ పాతాయన బొమ్మ పీకించి తన బొమ్మ పెట్టించడం. పాత కాపీకి ఆ సంగతి తెలియదు పాపం.

"అమ్మగారి రిపోర్టు ఇదిగోనండీ, ప్రింటు కొట్టేదా?" అన్నాడు గుమస్తా.

"ఆగు!" సూపరింటెండెంటు గారి మొహం కందగడ్డయింది. "ఇది... ఇది భద్రత లేని డెస్క్‌టాప్! ముందు తీసెయ్!"

"పనిచేస్తోంది కదండీ!" అన్నాను.

"టెక్నాలజీ గురించి మీకేం తెలుసండీ!"

"బొమ్మ మారిస్తే సరిపోద్ది సార్," అన్నాడు మెకానిక్కు. "మీ పాత ఫోటో అప్‌గ్రేడ్‌లో పోయినట్టుంది. ఫోనుతో ఇప్పుడే ఒకటి తీసి పెట్టేద్దాం."

"ఈ అవతారంతోనా!" అని నెరిసిన తల తడుముకుని, ఆయనే వంగి స్విచ్చి కట్టేశారు. తెర మళ్లీ నల్లబడింది. నాకు ఒళ్లు మండిపోయింది. అరిచాను, బతిమాలాను. పరివారమంతా ఫోటోగ్రాఫరుని వెతకడానికి పరుగెత్తింది.

వార్డుకొచ్చేసరికి కింద సర్జను గారి కారు గేటు దాటుతోంది. అమ్మ ఆపరేషన్ టోపీ పెట్టుకుని, సిద్ధంగా పడుకుని ఉంది.

"రిపోర్టొచ్చిందట్రా?"

"వచ్చిందమ్మా. మళ్లీ పోయింది."

"మరి ఇంకేమిటట ఆలస్యం?"

"సూపరింటెండెంటు గారు జుట్టుకి రంగేసుకున్నారమ్మా. అది ఆరాలి."