పెద్ద ముక్కుకు పాలాభిషేకం

ఆ బుధవారం పొద్దున దేవకుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్లాలి, తల వంచుకుని కూర్చోవాలి, సాయంత్రం పర్మినెంటు ఉద్యోగిగా ఇంటికి రావాలి. తీర సుందరీకరణ మండలిలో పధ్నాలుగేళ్లుగా ఔట్‌సోర్సింగ్ గుమాస్తాగా, ఏడాదికోసారి కొత్తగా ఉద్యోగంలో చేరుతూ వస్తున్న మనిషి అతను. అతన్ని పర్మినెంటు చేసే ఫైలు ఎక్కని బల్ల లేదు. చివరికి డైరెక్టర్ గురునాథరావు గారి బల్ల ఎక్కింది, ఆయన ఇవాళ సంతకం పెడతానన్నారు.

గుమ్మం దగ్గర భార్య గ్రేసీ అతని చొక్కా జేబులోంచి పెన్సిలు తీసేసుకుంది. మల్కాపురంలో ఆ ఇంట్లో తప్ప బయట ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. సాయంత్రం పత్రికలో "ఉప్పుగాలి" పేరుతో సర్కారు ఖర్చుల మీద కార్టూన్లు వేసేది దేవకుమారే.

"ఈ ఒక్కరోజూ బొమ్మల జోలికి వెళ్లనని మాటివ్వండి. సంతకం అయ్యేదాకా మీ చెయ్యి మీది కాదనుకోండి" అంది గ్రేసీ.

అతను మాటిచ్చాడు. ఇచ్చినప్పుడు మనస్ఫూర్తిగానే ఇచ్చాడు. గ్రేసీ చిన్నగా ప్రార్థన చేసి పంపింది. హార్బరు మీదుగా బస్సులో వెళ్తున్నంతసేపూ అతనికి కిందటి వారం వేసిన కార్టూనే గుర్తొచ్చింది, ఎందుకంటే అది మామూలుది కాదు.

సంగతేమిటంటే, మండలి వారు బీచి రోడ్డులో స్టీలుతో ఒక పెద్ద డాల్ఫిన్ ఫౌంటెన్ కట్టించారు. ఎదురుగా దేవుడు పైసా తీసుకోకుండా డాల్ఫిన్ ఆకారంలో కొండనే నిలబెట్టాడు కదా అని ఎవరూ అడగలేదు. ఫౌంటెన్ బిల్లు పాసైంది గానీ దాని నోట్లోంచి ఒక్క చుక్క నీళ్లు రాలేదు. అదే బీచి ఊడ్చే ఆడవాళ్లకు మాత్రం నాలుగు నెలలుగా జీతాల్లేవు. దేవకుమార్ కార్టూన్‌లో పెద్ద ముక్కున్న ఒక అధికారి ఎండిపోయిన డాల్ఫిన్‌కు బిందెతో నీళ్లు తాగిస్తుంటాడు. వెనకాల చీపుళ్లతో ఆడవాళ్లు వరసగా నిలబడి ఉంటారు. "ముందు దీని దాహం తీరనివ్వండమ్మా" అంటుంటాడు అధికారి. ఆ ముక్కు ఎవరిదో ఆఫీసులో అందరికీ తెలుసు. డైరెక్టర్ గారు తెలుగు పత్రికలు చదవరన్న ఒక్క నమ్మకం మీద దేవకుమార్ ఆ వారమంతా నిద్రపోయాడు.

బస్సు దిగి ఆఫీసు గేటు దగ్గరకు వచ్చేసరికి అక్కడ ముప్పైమంది ఆడవాళ్లు, రెండు బక్కెట్ల పాలు, ఒక బంతిపూల దండ ఉన్నాయి. వాళ్ల పెద్ద జోగమ్మ. జాలరిపేట మనిషి, పొద్దున బీచి ఊడ్చి, పగలు చేపలమ్ముతుంది. దేవకుమార్‌ని చూడగానే ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"నాలుగు నెల్ల జీతం రాత్రి ఒక్కపాలి పడిపోనాది బాబూ. ఇదంతా మన సారు పుణ్యమే. అందుకే సారుకి పాలాభిషేకం సేత్తన్నాం" అంది.

దేవకుమార్ నిజంగా సంతోషించాడు. ఆ నాలుగు నెలలూ ఈవిడ అప్పు చెయ్యని కొట్టు లేదని అతనికి తెలుసు. దేవుడికి మనసులో దణ్ణం పెట్టుకుని, తల వంచుకుని తన కుర్చీ వైపు పోబోయాడు. అప్పుడే గోడకు ఆనించిన పదడుగుల ఫ్లెక్సీ కనిపించి, కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

పాలాభిషేకం చెయ్యాలంటే ఫోటో ఉండాలి. డైరెక్టర్ గారికి ఫోటో లేదు. అంతకు ముందు ముగ్గురు డైరెక్టర్లు హాల్లో ఫోటో పెట్టించుకున్న నెలలోపే బదిలీ అయ్యారు కాబట్టి, ఈయన ఫోటో అన్న మాటే ఆఫీసులో ఎత్తనివ్వరు. ఆడవాళ్లు రాత్రి ఏం చెయ్యాలో తోచక కూర్చుంటే, జోగమ్మకు ఎండు చేపలు చుట్టిన కాగితంలో సారు బొమ్మ కనిపించిందట. ఆవిడకు చదువు రాదు. సారు బిందె పట్టుకుని ఏదో మంచిపని చేస్తున్నారు, వెనకాల తామంతా నిలబడి ఉన్నాం, ఇంతకన్నా మంచి బొమ్మ ఇంకేం కావాలి అనుకుని ఫ్లెక్సీ షాపుకు పట్టుకెళ్లింది. షాపువాడు తెల్లారేలోపు ఇవ్వాలన్న తొందరలో కింద ఉన్న మాటలు చెరిపేసి "మా జీతాల దాత శ్రీ గురునాథరావు గారికి ధన్యవాదాలు" అని వేశాడు. డాల్ఫిన్ తోక దగ్గర "ఉప్పుగాలి" అన్న సంతకాన్ని మాత్రం చెరపలేదు. ఇప్పుడది జానెడు అక్షరాల్లో ఉంది.

దేవకుమార్ ముందు పాల సంగతి ఎత్తాడు. ఇన్ని పాలు నేలపాలు చెయ్యడం ఎందుకు, పిల్లలకు పొయ్యొచ్చు కదా అన్నాడు. పిల్లలకు వేరే ఉంచామని ఆవిడ మూడో బక్కెట్టు చూపించింది. సారుకు ఆర్భాటం నచ్చదన్నాడు. పాలాభిషేకం నచ్చని సారు ఇంకా పుట్టలేదంది. చివరికి నోటికొచ్చింది అనేశాడు.

"సారు ముక్కు ఇంత పెద్దది కాదు పిన్నీ. చూస్తే బాధపడతారు."

జోగమ్మ ఫ్లెక్సీకేసి చూసింది. ఆలోచించింది. "అది నిజమే. అయితే నువ్వే సిన్నది సేసీ బాబూ. రాతకోతలు తెలిసినోడివి" అంది.

ఎవరో పెద్ద నాయకులు వస్తున్నారని, రోడ్డు పక్క రాళ్లకు ఆ రోజు నల్లరంగు, సున్నం వేస్తున్నారు. జోగమ్మ వెళ్లి ఆ రెండు డబ్బాలూ, కుంచే తెచ్చి అతని చేతిలో పెట్టింది. ముప్పైమంది కళ్లూ అతని మీదే ఉన్నాయి. ఆ బొమ్మ అలాగే ఉంటే ఉద్యోగం గోవిందా. ముట్టుకుంటే గ్రేసీకిచ్చిన మాట గోవిందా. ఉద్యోగమే ఎక్కువనుకుని కుంచె ముంచాడు.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. ముక్కు చుట్టూ సున్నం పూసి చిన్నది చేశాడు. ముక్కు తగ్గాక గడ్డం పొడుగనిపించింది. గడ్డం సరిచేశాక కళ్లజోడు లేక ముఖం బోసిగా కనిపించింది, అదీ గీశాడు. సంతకం మీద సున్నం పూస్తూ పూస్తూ, డాల్ఫిన్ కంటికి ఒక నల్లటి చుక్క పెట్టాడు. చెయ్యి గాల్లో తేలిపోతోంది. వెనక నుంచి ఒక దగ్గు వినబడింది.

సూపరింటెండెంటు శ్రీరామ్మూర్తి గారు. ముప్పై అయిదేళ్ల సర్వీసులో ఏ కాగితం మీద ఏ గీత ఎవరిదో చెప్పగలిగిన మనిషి. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ఫ్లెక్సీ వంక, కుంచె వంక, దేవకుమార్ వంక చూశారు.

"కంటికి చుక్క బాగా పెట్టావు దేవా" అని మాత్రం అన్నారు. అన్నాక లోపలికి వెళ్లిపోలేదు, అక్కడే నిలబడ్డారు.

సరిగ్గా పదకొండు గంటలకు డైరెక్టర్ గారి కారు వచ్చింది. ఆయన దిగగానే మెడలో దండ పడింది. ఆయన అయోమయంగా నిలబడి ఉండగానే జోగమ్మ మొదటి బక్కెట్టు ఎత్తి బొమ్మ నెత్తిన గుమ్మరించింది. సున్నం ఇంకా ఆరలేదు. పాలతో పాటు అదీ కారడం మొదలుపెట్టింది. ముందు కళ్లజోడు జారింది. తర్వాత గడ్డం పొడుగైంది. ఆ తర్వాత పాత ముక్కు మెల్లమెల్లగా, తీరిగ్గా, డైరెక్టర్ గారి కళ్లెదుటే బయటికొచ్చింది. రెండో బక్కెట్టుకు డాల్ఫిన్ తోక దగ్గర "ఉప్పుగాలి" కూడా తేటగా తేలింది.

గురునాథరావు గారు ఆ బొమ్మను చాలాసేపు చూశారు. జోగమ్మే ముందుకొచ్చి చేతులు జోడించింది.

"సారూ, ఇన్నేళ్లు ఈ ఇసక ఊడిసినాం. మాం ఉన్నామని ఎవులూ సూడనేదు. ఈ బొమ్మలో మీ ఎనకాల మమ్మల్ని కూడా ఏసినారు. నా సీపురుకి కట్టిన వలతాడు కూడా ఏసినారు. ఎవులేసినారో గానీ ఆల సెయ్యి సల్లగుండాలి" అంది.

పత్రిక ఎడిటరు ఏనాడూ గమనించలేదు ఆ తాడును. దేవకుమార్ పధ్నాలుగేళ్లుగా రోజూ పొద్దున ఆఫీసు కిటికీలోంచి చూసి వేసిన తాడు అది. ఉద్యోగం పోతే పోయింది, ఈ మాట విన్నాం కదా అనుకున్నాడు. ఆ క్షణానికి అది అబద్ధం కాదు.

"దేవకుమార్, లోపలికి రండి" అన్నారు డైరెక్టర్ గారు.

గదిలో ఆయన ముందు ముఖం మీద చిందిన పాలు తుడుచుకున్నారు. తర్వాత సొరుగులోంచి ఒక ఫైలు తీసి బల్ల మీద పెట్టారు. దేవకుమార్ తన ఫైలే అనుకున్నాడు. కాదు, ఊడ్చేవాళ్ల జీతాల ఫైలు. దాని మీద, అన్ని కాగితాలకన్నా పైన, గుండుసూది గుచ్చి ఉన్నది అతని కార్టూనే.

"కూర్చోండి. శ్రీరామ్మూర్తి గారు పోయిన వారమే చెప్పారు ఇది మీ గీతని. ఈ జీతాల కోసం రాజధానికి మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. నాలుగోసారి ఉత్తరం రాయడం మానేసి, ఫైలు మీద ఈ బొమ్మ పెట్టి పంపాను. మర్నాడే సెక్రటరీ గారు ఫోన్ చేసి, ఆ ముక్కు నాదేనా అని అడిగారు. నేను కాదనలేదు. నిన్న ఫైలు మంజూరై తిరిగొచ్చింది."

దేవకుమార్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండు బక్కెట్ల పాలూ పడాల్సిన బొమ్మ మీదే పడ్డాయన్నమాట. జోగమ్మకు తెలియక చేసినా సరిగ్గానే చేసింది.

"నా ఇరవై ఏడేళ్ల సర్వీసులో నాకెవరూ థాంక్స్ చెప్పలేదయ్యా. ఇవాళ ఆ పని వాళ్లు చేశారు, కారణం మీరు" అన్నారు గురునాథరావు గారు. దేవకుమార్ లేచి ఆయనకు నమస్కారం పెట్టాడు. ఈ మనిషికి అంత ముక్కు పెట్టినందుకు అతనికి మొదటిసారి సిగ్గేసింది.

ఆయన అతని ఫైలు తీసి సంతకం పెట్టారు. పెట్టి, తేదీ చూపించారు. పర్మినెంటు వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి.

"పర్మినెంటు ఉద్యోగి పత్రికలకు బొమ్మలు వెయ్యకూడదు. అది రూలు. నేను రూలు తప్పను. ఇవాళ ఇరవయ్యో తారీఖు" అని, పక్కనున్న మరో ఫైలు దుమ్ము దులిపి అతని ముందుకు తోశారు. ఊడ్చేవాళ్లకు చేతి గ్లౌజులు, చెప్పులు ఇవ్వాలన్న ఫైలు, రెండేళ్లుగా కదలనిది. "ముక్కు మాత్రం మార్చకండి" అన్నారు.

బయట జోగమ్మ మూడో బక్కెట్లోంచి చెంబుడు పాలు పట్టుకుని అతని కోసం కాచుకుని ఉంది. మీ ఆవిడకియ్యి, టీ కాసుకోండి అంది. ఆ చెంబు తొణక్కుండా పట్టుకుని అతను మల్కాపురం బస్సెక్కాడు.

గ్రేసీ ఆర్డరు రెండుసార్లు చదివింది. కళ్లు తుడుచుకుని దేవుడికి వందనాలు చెప్పుకుంది. తర్వాత అతని గోళ్ల సందుల్లో ఇరుక్కున్న సున్నం చూసింది, ఆర్డరులో తేదీ ఇంకోసారి చూసింది. అతను జరిగినదంతా చెప్పేదాకా విని, లోపలికెళ్లి పొద్దున లాక్కున్న పెన్సిలు చెక్కి తెచ్చి అతని ముందు పెట్టింది.

గ్లౌజులు, చెప్పులు తొమ్మిదో రోజుకల్లా వచ్చేశాయి. డాల్ఫిన్ నోట్లోంచి మాత్రం నీళ్లు ఇప్పటిదాకా రాలేదు.