ఇంజన్ మార్చి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పాపం, వాళ్ళ కాలంలో కార్లు లేవు. ఉండి ఉంటే ఆ రెండూ పక్కన పెట్టి, కారు ఇంజన్ మార్చి ఇన్సూరెన్స్ చేయించి చూడు అని ఒక్క మాటలో తేల్చేసేవారు!

నవ్వకండి. ఇంజన్ మార్చిన కారుకు ఇన్సూరెన్స్ దొరకకపోవడం ఈ కాలం మనిషికి దొరికిన గొప్ప వరం. ఈ సంగతి గట్టిగా వాదించదలచాను. నేను మర్రిగూడ మండలంలో సాంఘికశాస్త్రం చెప్పే పంతులిని. మొదలుపెడితే బెల్లు కొట్టేదాకా ఆపను.

మా కారుకు పదమూడేళ్ళు. మొన్న ఎండాకాలం కొండమల్లేపల్లి దాటగానే బుస్సుమని పొగ వదిలి కన్నుమూసింది. మెకానిక్ జానయ్య బానెట్ ఎత్తి చూసి, ఇంజనే మార్చాలన్నాడు. అదే మోడల్‌ది, బిల్లుతో సహా మంచి ఇంజన్ తెచ్చి బిగించాడు. అంతటితో ఆగాడా? దానికి వెండిరంగు వేశాడు, పసుపు కుంకుమ పెట్టాడు, నిమ్మకాయ కట్టాడు. మేము చర్చికి పోయేవాళ్ళం గదా జానయ్యా అంటే, మీరు పోతారు గానీ ఇంజన్ పోదు గదా అన్నాడు. మరునాడు పాస్టరుగారు వచ్చి అదే బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. రెండు వైపులా బందోబస్తు!

సరిగ్గా ఆ వారమే మా అమ్మాయి మెర్సీ అత్తగారి ఊరు అచ్చంపేట నుంచి ఫోన్ చేసి, నెల తప్పిందని చెప్పింది. తొలి కాన్పు పుట్టింట్లోనే గదా. మా ఆవిడ బాలనర్సమ్మ నాకు ఒకే ఒక్క పని అప్పగించింది. మెర్సీకి నొప్పులు వచ్చే రోజుకు కారు కాగితాలతో సహా వాకిట్లో సిద్ధంగా ఉండాలి. దవాఖానకు పోయే తొవ్వంతా గుంతలే, నిండు మనిషిని ఆటోలో కుదిపితే ఊరుకునేది లేదని కూడా చెప్పింది.

చేతిలో ఏడు నెలల పైచిలుకు ఉంది. ఒక్క కాగితానికి ఏడు నెలలు చాలవా?

ఇన్సూరెన్స్ గడువు ఆ నెలాఖరుకే ముగుస్తోంది. జానయ్య నన్ను పక్కకు పిలిచాడు.

"ఇంజన్ సంగతి చెప్పకుండ్రి సార్. పాత నంబరు మీదనే ఫోన్ల కడితే అయిదు నిమిషాల పని."

నాకు కోపం వచ్చింది. ఇరవై ఆరేళ్ళుగా పిల్లలకు నిజమే చెప్పండని నూరిపోస్తున్నవాణ్ణి! రేపు ఏదైనా జరిగితే అబద్ధానికి ఎవరు డబ్బు కడతారు? వెంటనే 'విషయం: ఇంజన్ మార్పిడి గురించి' అని రాసి, కింద గీత కొట్టి, కంపెనీకి రిజిస్టర్ పోస్టులో ఉత్తరం పంపాను. జవాబు వచ్చేసరికి గడువు దాటి పది రోజులైంది. అక్కడి నుంచి నా దశ తిరిగింది!

ఆర్‌సీలో కొత్త ఇంజన్ నంబరు ఎక్కించుకుని రండి, ఇన్సూరెన్స్ ఇస్తాం అంది కంపెనీ. నంబరు ఎక్కించాలంటే బండిని చూడాలి, బండి రోడ్డెక్కాలంటే ఇన్సూరెన్స్ ఉండాలి, అది పట్టుకుని రండి అంది రవాణా ఆఫీసు. ఇందులో తప్పెవరిది, మీరే చెప్పండి? ఇద్దరూ రమ్మనే అన్నారు. ఈ రోజుల్లో మనల్ని రమ్మనేవాళ్ళు ఎంతమంది ఉన్నారు!

ఇక లాభాలు చూడండి. బస్సు దిగి ఈ ఆఫీసుకు, అక్కడి నుంచి ఆ ఆఫీసుకు నడిచి నడిచి నా షుగర్ దిగివచ్చింది. ఏం మందులు వాడుతున్నారని డాక్టర్ అడిగితే ఫైలు చూపించాను.

జ్ఞాపకశక్తి సంగతి చెప్పనే అక్కర్లేదు. పాత ఇంజన్ నంబరు, కొత్త ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు మూడూ నాకు కంఠతా వచ్చు. ఒక ఆదివారం కీర్తన నంబరు చెప్పమంటే నిద్రమత్తులో పదకొండు అంకెల ఇంజన్ నంబరు చెప్పాను. సంఘమంతా భక్తితో పుస్తకాలు తిరగేసింది!

కదలని కారుకు యాక్సిడెంట్ అవుతుందా? కాదు. కాబట్టి ఇన్సూరెన్స్ లేని కారే లోకంలో అన్నిటికన్నా భద్రమైన కారు. ఈ రహస్యం మా కోళ్ళు కూడా కనిపెట్టి దాని కిందనే గుడ్లు పెట్టాయి.

పైగా వేదాంతం! మా బడిలో లెక్కల మాస్టారు బాలకృష్ణకు వాళ్ళ అక్క కిడ్నీ ఇచ్చింది. ఆధార్‌లో ఎక్కించుకుని రమ్మని ఆయన్ను ఎవరైనా అడిగారా? అదే మనిషి, అదే జీతం, స్టాఫ్ రూములో అదే గొణుగుడు. మరి ఇంజన్ మారితే కారు అదేనా, కాదా? ఇంత లోతైన ప్రశ్న నాకు ఏ కాలేజీలోనూ ఎదురుకాలేదు.

ఏడో నెలలో మెర్సీ ఇంటికి వచ్చింది. బాలనర్సమ్మ ఓసారి బిడ్డ కడుపు వైపు, ఓసారి నా చంకలోని ఫైలు వైపు చూసింది.

"రెండూ పెరుగుతున్నయి. ఏది ముందుగాల బయటవడ్తదో సూద్దాం."

పది రోజులు ముందుగానే, ఒక గురువారం పొద్దున మెర్సీకి నొప్పులు మొదలయ్యాయి. నేను పరుగున పోయి కోళ్ళను తోలి, కవరు లాగి, తాళం పెట్టాను. ఒక్క సెల్ఫ్ కొడితే లేచే ఇంజన్. కానీ కడుపుతో ఉన్న బిడ్డను కాగితం లేని బండిలో ఎట్లా ఎక్కించను? తాళం తిప్పలేక అట్లాగే కూర్చున్నాను. ఈలోగా బాలనర్సమ్మ రోడ్డు మీదికి పోయి దశరథ్ ఆటోను ఆపింది.

గుంత వచ్చినప్పుడల్లా మెర్సీ నా చెయ్యి పిసికింది. నా మీద నాకే అసహ్యం వేసింది. సగం దూరం పోయాక ఉండబట్టలేక అడిగాను.

"దశరథ్, నీ బండికి ఇన్సూరెన్స్ ఉన్నదా?"

"అది అయిపోయి మూడేండ్లాయె సార్. జర గట్టిగ పట్టుకోండ్రి."

దేవుడి దయ, తల్లీ పిల్లా క్షేమం. మాకు మనవరాలు పుట్టింది. గంట తర్వాత దవాఖానలో చేతికిచ్చిన పుట్టుక చీటీ చదివితే, అందులో మగ శిశువు అని ఉంది!

మనసులో అప్పుడే 'విషయం:' అని రాసి కింద గీత కొట్టేశాను. మళ్ళీ రెండు ఆఫీసులు, మళ్ళీ ఏడు నెలలు! ఊరుకుందాం, పిల్ల పెళ్ళి నాటికి చూసుకోవచ్చు అన్నాను. బాలనర్సమ్మ నా మాట వినలేదు. ఒక చేత్తో చీటీ, ఒక చేత్తో పిల్లను పట్టుకుని సిస్టర్ దగ్గరికి పోయింది.

ఆ సిస్టర్ చీటీ చూసింది. గుడ్డ తొలగించి పిల్లను చూసింది. పెన్ను తీసి కొట్టేసి, ఆడ అని రాసి, పక్కన సంతకం పెట్టింది. అర నిమిషం పట్టిందేమో.

నేను ఐదు ఉత్తరాలు రాశాను, రెండు ఆఫీసులకూ కలిపి పంతొమ్మిది సార్లు తిరిగాను. జానయ్య వేసిన వెండిరంగు ఇంకా మెరుస్తూనే ఉంది. ఇప్పటిదాకా ఒక్కరంటే ఒక్కరు వచ్చి ఆ బానెట్ ఎత్తి చూడలేదు.