గంటల తల్లి

లాలాగూడలోని ఓ చిన్న స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పే నోవహు, ఆ సోమవారం పొద్దున కరస్పాండెంట్ డేవిడ్ రాజు గారికి తన ‘పలక’ చూపించాలనుకున్నాడు. ఇంగ్లిష్ చూస్తేనే బెదిరే పిల్లల కోసం తెలుగు మాటలతో అతను తయారుచేసిన ప్రోగ్రామింగ్ భాష అది. స్కూలు గంటలు కూడా అదే మోగిస్తుంది.

"దాంట్ల ఆబ్జెక్టులే లేవంట గదా! ఇదేం భాష? సోమవారం చూసి తీసేద్దాం" అని శనివారం ఆయన ఫోన్లో అన్నారు. నోవహుకు రోషం వచ్చింది. ఆదివారం చర్చి నుంచి రాగానే కూర్చుని ఆబ్జెక్టులు చేర్చాడు. ‘గంట’ను తల్లిని చేశాడు. ప్రేయర్ గంట, లంచ్ గంట, ఇంటి గంట దాని పిల్లలు. మోగడం తల్లికి నేర్పితే చాలు, పిల్లలకు అదే వస్తుంది.

పొద్దున ప్రేయర్ గంట మోగింది. పిల్లలు వరుసల్లో నిలబడ్డారో లేదో, లంచ్ గంట మోగింది. సగం మంది టిఫిన్ డబ్బాలు తెరిచారు. వెంటనే ఇంటి గంట!

హెడ్‌మిస్ట్రెస్ ప్రేమమణి కంగారుగా అటెండర్ పేతురును పిలిచింది. "ఏందీ గిది?"

"పొద్దుగాల ఇంటి గంటంటే ఎవరో పెద్దోళ్లు పోయిండ్రు మేడం." పేతురు గొంతు తగ్గింది. "నేనొచ్చేటప్పుడు కరస్పాండెంట్ సారు ఆస్పత్రికి పోతుంటే చూసిన..."

ప్రేమమణికి కళ్లనీళ్లు వచ్చాయి. పిల్లలందరినీ కళ్లు మూసుకోమని, మైకు అందుకుంది. "తండ్రీ, ఎన్నడూ ఎవరినీ కసరుకోని మా డేవిడ్ రాజు గారి కుటుంబాన్ని ఆదరించు..."

"ఆమెన్" అని గేటు దగ్గర్నుంచి ఓ పెద్ద గొంతు వినిపించింది. బీపీ చూపించుకుని వచ్చిన డేవిడ్ రాజు, ప్రార్థన జరుగుతుంటే అలవాటుగా తలవంచి నిలబడ్డారు. ఆమెన్ అన్నాక గానీ అది ఎవరి గురించో ఆయనకు తట్టలేదు.

నోవహు ల్యాబ్ నుంచి పరిగెత్తుకొచ్చాడు. "తప్పు నాదే సార్. పలకను తీసేయండి" అన్నాడు.

"అసలు ఏమైంది?"

తొమ్మిదో తరగతి ఇంద్రజ చెయ్యెత్తింది. "సారు ‘ప్రేయర్ గంటా, మోగు’ అని రాయాలె. ‘గంటా, మోగు’ అని రాసిండ్రు. తల్లిని పిలిస్తే పిల్లలందరు పలికిండ్రు."

"నీకెట్ల తెలుసు?"

"ల్యాబ్‌ల స్క్రీన్ మీద చదివిన సార్. తెలుగులనే ఉంది గదా!"

డేవిడ్ రాజు ఆ రెండు వాక్యాలూ తనలో తాను అనుకుని చూశారు. వయసులో ఉన్నప్పుడు కంప్యూటర్ కోర్సులో చేరి, సరిగ్గా ఈ తల్లీపిల్లల పాఠం దగ్గరే మానేసిన మనిషి ఆయన.

"నాకు సుత సమజైంది" అన్నారు మెల్లగా, తన మాట తనకే నమ్మబుద్ధి కానట్టు. "పలకను ఉండనీ."

నోవహు కళ్లు తుడుచుకున్నాడు. డేవిడ్ రాజు ప్రేమమణి వైపు తిరిగారు.

"నా గురించి ఇంత మంచిగ మళ్ల ఎప్పుడు మాట్లాడుతరు మేడం?"