రామసామి కారు ఎర్రదీపాలు

పెద్ద వరద వచ్చి పోయాక ఏడో ఏడు అది. తాతలు చెరకు కోయడానికి ఓడెక్కి వచ్చిన ఉమ్‌కోమాస్‌లో తెల్లవాళ్లతో పాటు అందరికీ ఓటు వచ్చింది. కాళ్లు సరిగా కదలని జయమ్మకు బుద్ధెరిగాక ఇదే మొదటి ఓటు. చనిపోయిన అన్న రామసామి పాత కారులో ఆ అక్కను తీసుకువెళ్లాలని ఆమె చిన్న తమ్ముడు కిష్టసామి పొద్దున్నే బయలుదేరదీశాడు. తీరా చూస్తే బ్రేకు లైట్లు వెలగలేదు. లైట్లు లేని బండిని వంతెన దగ్గర పోలీసులు వెనక్కి తిప్పేస్తున్నారు.

ఆ పూట కోతకు ముందు ఆకు కాలిపోవాలని పక్క చెరకుతోటకు నిప్పు పెట్టారు. పొగలో, ముంగిట్లో ఉన్న కారు సగమే కనిపిస్తోంది. కిష్టసామి బల్బులు మార్చాడు, ఫ్యూజు గీకాడు, తీగలు లాగి చూశాడు. అతను బ్రేకు తొక్కిన ప్రతిసారీ కారు వెనక కుర్చీ వేసుకున్న జయమ్మ "సీకటేరా" అంది.

"బ్రేకు పెడలు కాడ స్విచ్చు తుప్పట్టుంటాదక్కా. ఎనకీధి రెజీ పెరట్లో పాత బండి ఉంది, అందులోది ఊడదీసుకొత్తాను."

"స్విచ్చు కాదురా. ఓటుకి నేనే తీసుకెల్తానక్కా అన్నాడు రామసామి. వాడికో మాటైనా సెప్పావా? అలిగాడు."

"సచ్చినోడు అలుగుతాడేటి?" అని విసుక్కుంటూ కిష్టసామి నడిచాడు.

పోయినవాళ్లు బతికుండగా ఇష్టపడి కూర్చున్న చోటే వాళ్లకు కూడు పెట్టడం ఆ ఇంటి ఆచారం. రామసామి బతుకంతా స్టీరింగు వెనకే గడిచింది. జయమ్మ గోడ పట్టుకుని లేచి, పీతల కూర ఉన్న ఇనప గిన్నె తెచ్చి, డ్రైవరు కాళ్లు పెట్టుకునే చోట ఉంచి తలుపు వేసింది. చోటు ఇరుకు. గిన్నె మెల్లగా బ్రేకు పెడలు మీదికి ఒరిగింది.

పొగలో రెండు ఎర్రదీపాలు కళ్లు తెరిచాయి.

పక్కింటి పర్ల్ ఆరేసిన బట్టలు తీస్తూ చూసింది. "ఆంటీ! కారులో ఎవరూ లేరు! బ్రేకు ఎవరు తొక్కుతున్నారు?"

"మా తమ్ముడే" అంది జయమ్మ, వచ్చిన చుట్టం గురించి చెప్పినంత మామూలుగా.

పర్ల్ కేకకు వీధంతా పోగైంది. ఎవరో కర్పూరం వెలిగించారు. ఒకడు స్టీరింగు కదిలిందన్నాడు. ఇంకొకడు రామసామి దగ్గు వినబడిందన్నాడు. ఆ దగ్గు పొగకు తనకే వచ్చిందన్న సంగతి వాడు మరిచిపోయాడు.

రెజీని వెంటబెట్టుకుని వచ్చిన కిష్టసామి కారులోకి తొంగి చూసి నవ్వాడు. "ఓరి ఎర్రిబాగులోల్లారా, గిన్నె బరువుకి ఎలిగాయి. ఇదిగో, తీసేత్తన్నాను సూడండి."

గిన్నె తీశాడు. పెడలు పైకి లేచింది. దీపాలు ఆరలేదు.

వీధి మొత్తం ఒక్క అడుగు వెనక్కి వేసింది. రెజీ మాత్రం ఇంటిదాకా వేశాడు.

"స్విచ్చు... ఇరుక్కునుంటాది" అన్నాడు కిష్టసామి. గిన్నె కింద పెట్టేశాడు. "అక్కా, ఓటు రేపు కూడా ఉంది. రేపెల్దాం."

జయమ్మ అప్పటికే వెనక సీట్లో చేరగిలబడింది. "ఆడు దీపాలెట్టుకుని కూకుంటే రేపంటావేటి? పిరికి సన్నాసీ, ఎక్కు!"

ఎక్కాడు. ఇంకొకరికి చోటు వదిలినట్టు సీటు అంచున కూర్చుని తోలాడు. వంతెన దగ్గర ఒక పోలీసాయన వీళ్ల కారు వెనక్కి వెళ్లి చూశాడు. "లైట్లు బాగున్నాయి, పొండి" అన్నాడు. జయమ్మ ఓటు వేసింది. సిరా అంటిన వేళ్లను ఇంటికి వచ్చేదాకా చూసుకుంటూనే ఉంది. బ్యాటరీ అయిపోయేదాకా దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

మర్నాడు పొద్దున కిష్టసామి రెజీ ఇచ్చిన స్విచ్చు పట్టుకుని కారు తలుపు తీశాడు. సీటు ఖాళీ.

"అన్నా, కూసింత జరుగు" అని, కాసేపు ఆగి, అప్పుడు కూర్చున్నాడు.